పెరట్లో కాస్కేడ్ హాప్స్: నాటడం నుంచి రుచి చూసేదాకా

హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే తీగమొక్క. దానికి చలికాలంలో నిద్ర, ఎండాకాలంలో పొడవైన పగలు రెండూ కావాలి. అందుకే ఎక్కువగా భూమధ్యరేఖకు 35 నుంచి 55 డిగ్రీల దూరంలో ఉన్న ప్రాంతాల్లో అది బాగా కాస్తుంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయ దానికి సరిపోయింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేస్తే తీగ సాగినా కాపు మీద ఆశ పెట్టుకోవద్దు. సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల పెరడున్న తెలుగువాళ్లకు మాత్రం బీరపాదు పెట్టినంత తేలిక. అమెరికా హాప్స్‌లో ఎక్కువ భాగం పండే యాకిమా లోయ ఉన్నది సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే.

మొదటిసారి వేసేవాళ్లు కాస్కేడ్ రకం తీసుకోండి. ఆరెగాన్‌లో రూపొందించి 1972లో విడుదల చేసిన ఈ రకం తెగుళ్లను బాగానే తట్టుకుంటుంది. వాసన పంపరపనస తొక్క గిల్లినట్టు ఉంటుంది. విత్తనాలు కొనకండి. హాప్స్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. బీరుకు పనికొచ్చే కోన్‌లు, అంటే రేకులు పొరలుగా ఉండే పూలగుత్తులు, ఆడమొక్కకే వస్తాయి, విత్తనం వేస్తే ఏది మొలుస్తుందో చెప్పలేం. నర్సరీల్లో రైజోమ్ అని అమ్మే వేరుముక్కే తెచ్చుకోవాలి.

మార్చి చివర, ఏప్రిల్‌లో నాటండి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ పడాలి, నీరు నిలవకూడదు. అడుగు లోతు తవ్వి, మట్టిలో మూడో వంతు కంపోస్టు కలిపి, వేరుముక్కను రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టి మొగ్గలు పైకి చూసేలా కప్పండి. మొక్కకూ మొక్కకూ మూడడుగులు వదలండి. పక్కన వేరే రకం వేస్తే ఆరడుగులు ఉండాలి, లేదంటే వేర్లు కలిసిపోయి ఏ తీగ ఏ రకమో తెలియదు.

బీర, కాకర తీగలకు ఉన్నట్టు దీనికి నులితీగలు ఉండవు. కాండం మీది గరుకు నూగుతో తాడును పట్టుకుని పాకుతుంది. నైలాన్ తాడు నున్నగా ఉండి జారిపోతుంది కాబట్టి కొబ్బరితాడు కట్టండి, కనీసం 15 అడుగుల ఎత్తుకు. పిలకలు అడుగు పొడవు రాగానే బలమైన రెండు మూడింటిని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. ఎదురు దిశలో చుడితే తెల్లారేసరికి విప్పుకుని కింద పడి ఉంటుంది. మిగతా పిలకలు కోసేయండి. లేతవి పారేయనక్కర్లేదు, వేపుడుకు బాగుంటాయి. తీగ ముట్టుకునేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, గ్లోవ్స్ వేసుకోండి, ఆ నూగు చర్మాన్ని గీరేస్తుంది.

తీగ ఎగబాకాక కింది మూడడుగుల ఆకులు తుంచేయండి. నేల తడి నుంచి బూజు తెగులు పైకెక్కేది ఆ ఆకుల మీదుగానే. జూన్ మధ్య తర్వాత నత్రజని ఎరువు ఆపండి, లేకపోతే ఆకు దట్టమై పేనుబంక పడుతుంది. ఎండలు ముదిరి ఆకులపై సన్నని చుక్కలు, కింద సాలెగూడు కనిపిస్తే అది నల్లి. నీళ్ల పైపుతో ఆకుల అడుగు భాగం గట్టిగా కడగండి. మొదటి ఏడు గుప్పెడు కోన్‌లే వస్తాయి. మూడో ఏటికి మొక్కకు అరకిలో ఎండు హాప్స్ దాకా రావచ్చు.

కోత ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, తొందరపడి. ఒక కోన్ నొక్కండి. పచ్చిగా మెత్తగా అణిగి అలాగే ఉండిపోతే ఇంకా కాలేదు. కాగితంలా గలగలమని వెంటనే పైకి లేవాలి. నిలువునా చీల్చితే రేకుల మొదట్లో లుపులిన్, చిక్కటి పసుపు రంగు పొడి, వేలికి జిగటగా అంటాలి. అరచేతిలో నలిపి వాసన చూస్తే పచ్చిగడ్డి వాసన పోయి పంపరపనస రావాలి. ఉల్లి, వెల్లుల్లి వాసన మొదలైతే ఆలస్యమైనట్టు.

కోసినరోజే తూకం వేసి, కిటికీ జాలీ మీద పలచగా పరిచి కింది నుంచి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఎండలో వద్దు. కిలో పచ్చివి సుమారు 220 గ్రాములకు దిగాలి. కోన్ మధ్య ఈనె వంచితే పుటుక్కున విరగాలి. రేకులు ఎండినా ఈనెలో తడి మిగిలిపోతుంది, ఆ తడితో సంచిలో వేస్తే బూజు పడుతుంది. గాలి తీసేసిన సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. కుక్క ఉన్న ఇంట్లో ఎండువీ, వాడేసిన పిప్పీ దానికి అందనివ్వొద్దు. తింటే ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చి ప్రాణం మీదికొస్తుంది.

చేదు తెచ్చే ఆల్ఫా ఆమ్లాలు కాస్కేడ్‌లో మామూలుగా 4.5 నుంచి 7 శాతం. మీ పెరటి పంటలో ఎంతుందో లాబ్‌కు పంపితే తప్ప తెలియదు. అందుకని బీరు కాచేటప్పుడు చేదు కోసం గంటసేపు మరిగించేందుకు కొన్న పెల్లెట్లు (హాప్స్‌ను నొక్కి చేసిన గుళికలు) వాడి, ఇంటి హాప్స్‌ను చివరి ఐదు నిమిషాల్లో వాసన కోసం వేయండి.

కాచకుండానే మీ హాప్స్ రుచి తెలుసుకోవచ్చు. 355 మి.లీ. లైట్ లాగర్ (తేలికపాటి బీరు) సీసాలు మూడు బాగా చల్లబరచండి. మూత తిప్పి తీసేవి పనికిరావు, మళ్లీ సరిగా బిగియవు. ఒకదాంట్లో మీ కాస్కేడ్ ఒక గ్రాము నలిపి వేసి, నురగ పొంగకముందే కొత్త మూత బిగించండి. రెండోదాంట్లో కొన్న కాస్కేడ్ అంతే. మూడోది తెరవకుండా ఉంచండి. మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి టీ వడపోతతో వంచుకోండి. వారం దాటితే ఆకు పసరు దిగుతుంది.

గ్లాసులో జిడ్డుంటే బుడగలు గోడలకు అంటుకుంటాయి. అది మళ్లీ కడగండి. సీసా తీసి పదిహేను నిమిషాలు బయట ఉంచి, 7 నుంచి 10 డిగ్రీల మధ్య తాగండి. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది. ఒక్కొక్కరికి 100 మి.లీ. చాలు. ముందు వాసన, తర్వాత గుక్కను నాలుకంతా తిప్పి మింగి, చేదు ఎంతసేపు నిలుస్తుందో చూడండి. మెంతిలా తేలిగ్గా వచ్చి పోయే చేదు వేరు, గొంతు పట్టే వగరు వేరు. వగరైతే హాప్స్ ఎక్కువసేపు నానినట్టు. మిరపకాయ బజ్జీలు రుచి చూడటం అయ్యాకే, కారం తగిలిన నాలుకకు ఈ తేడాలు అందవు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరులోకి గాలి చేరింది. వెలుతురులో పెట్టిన పచ్చసీసా బీరులో స్కంక్ అనే జంతువు చిమ్మేలాంటి కంపు వస్తుంది, వెలుతురుకు హాప్స్ చేదు విరిగిపోవడం వల్ల. పాత చీజ్ వాసన మీ హాప్స్ సీసాలో మాత్రమే వస్తే తప్పు బీరుది కాదు. ఫ్రీజర్‌లోని సంచి తీసి చూడండి, ఎక్కడో గాలి దూరి ఉంటుంది.