దీపావళి వంటింట్లో కుక్క బిస్కెట్లు చేసేముందు

చెన్నైలో దీపావళి తెల్లవారుజామున నాలుగింటికే మొదలైపోతుంది. మా వీధిలో మొదటి బాంబు పేలగానే మా గుండుగాడు మంచం కిందికి దూరేస్తాడు. ఎనిమిదేళ్ల లాబ్రడార్, బయటికి రావాలంటే ఏదో ఒకటి ఆశ చూపించాల్సిందే. అందుకే ఏటా పండగకి రెండు రోజుల ముందు వాడికోసం ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, బిస్కెట్లు చేస్తాను. గోధుమపిండి, ఉడికించిన గుమ్మడికాయ, ఒక గుడ్డు, అంతే. బిస్కెట్లతో భయం లేదు. ఆ వారం అదే గట్టు మీద ఇంకేమేం ఉంటాయన్నదే భయం. ఒక పక్క లడ్డూ పాకం, ఇంకో పక్క కిస్మిస్ గిన్నె, మధ్యలో వీడి పిండి.

అన్నిటికంటే ముందు ఆ కిస్మిస్ గిన్నెని పైఅరలో పెట్టండి. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయి. ఇన్ని తింటే ఏం కాదు అని చెప్పడానికి లెక్కేమీ లేదు. దీనికి వాటిలోని టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్య నిపుణులు చెప్పారు. ఆ ఆమ్లం మన చింతపండులోనూ దండిగా ఉంటుంది. పండగపూట మిగిలిన పులిహోర కుక్క పళ్లెంలో వేసే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు మానేశాం.

రుచి కోసం పిండిలో చికెన్ ఉడికించిన నీళ్లు పోసేవాళ్లు చాలామంది. మంచిదే, కానీ అవి కూర కోసం ఉడికించిన నీళ్లయితే అందులో ఉల్లి, వెల్లుల్లి సారం దిగి ఉంటుంది. ముక్కలు ఏరేసినా లాభం లేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. నీరసం, చిగుళ్లు పాలిపోవడం లాంటివి కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడవు. వెల్లుల్లి పొడి, మసాలా క్యూబులు ఇంకా గాఢం. కుక్క కోసం విడిగా రెండు ముక్కలు ఉప్పు కూడా లేకుండా ఉడికించుకోండి. జాజికాయ, చాక్లెట్ వాసన కూడా తగలనివ్వొద్దు. ఆ రోజే పావ్ కోసం ఈస్ట్ పిండి కలిపి పెట్టారా? దానికీ గట్టి మూత పెట్టండి. పచ్చిగా మింగితే కడుపులో ఉబ్బుతుంది, పైగా ఆల్కహాల్ తయారవుతుంది.

పిండిలో పీనట్ బటర్ వేసేవాళ్లయితే డబ్బా వెనక సన్నటి అక్షరాలు చదవండి. జైలిటాల్ (చక్కెరకి బదులు వేసే తీపి పదార్థం) అనో, స్వీట్‌నర్ 967 అనో కనిపిస్తే ఆ డబ్బా కుక్క జోలికి రానివ్వొద్దు. షుగర్ ఉన్నవాళ్లు తినే స్వీట్లు కొన్నింట్లోనూ ఇది వేస్తారు. కొద్దిగా తిన్నా కుక్కకి రక్తంలో చక్కెర అరగంట, గంటలో పడిపోవచ్చు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పల్లీలు మీరే వేయించి రుబ్బుకుంటే ఈ టెన్షన్ ఉండదు గానీ, రంగు మారినవి, ముక్కిపోయినవి ఏరి పారేయండి. బూజు పట్టిన పల్లీల్లోని విషం వేయించినా పూర్తిగా పోదు.

బూజంటే గుర్తొచ్చింది. పండగ రోజుల్లోనే ఇక్కడ ఐప్పసి (అక్టోబరు, నవంబరు మధ్య వచ్చే తమిళ నెల) వానలు. పోయినేడు బిస్కెట్లు చల్లారకముందే స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. నాలుగో రోజు తీస్తే మూత లోపల నీటి చుక్కలు, అడుగున ఉన్న బిస్కెట్ల అంచుల మీద బూడిదరంగు నూగు. పైవి బాగానే ఉన్నాయి కదా అని అమ్మ ఏరబోయింది. వద్దని మొత్తం పారబోశాను. ఇప్పుడు 160 డిగ్రీల్లో అరగంట కాల్చాక ఓటీజీ ఆపేసి, తలుపు కాస్త తెరిచి, పూర్తిగా చల్లారేదాకా లోపలే వదిలేస్తాను. ఆ తలుపు దగ్గరికి వాడు ముక్కు తీసుకురాకుండా ఎవరో ఒకరు కాపలా. రెండు రోజులకి సరిపడా బయట ఉంచి, మిగతావి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను.

మరీ గట్టిగా కాల్చకండి. గోరుతో నొక్కితే కాస్తయినా దిగాలి, లేకపోతే పళ్లు విరుగుతాయి. సైజు పది రూపాయల బిళ్లంత చాలు. 10 కిలోల కుక్కకి రోజుకి సుమారు 600 కేలరీలు కావాలి. చిరుతిండి అందులో పదోవంతు దాటకూడదు. 10 గ్రాముల గోధుమపిండిలోనే 34 కేలరీలున్నాయి, మీరే లెక్కేసుకోండి. నెయ్యి మాత్రం వద్దు, క్లోమం వాచే ప్రమాదం ఉంది. కొత్త రకం చేస్తే పండగ ముందే ఒక ముక్క పెట్టి ఒక రోజు చూడండి. షుగరో కిడ్నీ జబ్బో ఉన్న కుక్కకయితే డాక్టర్‌ని అడక్కుండా ఏదీ పెట్టకండి.

టపాసుల రాత్రి భయంతో కుక్క నమలకుండా మింగేస్తుంది. ఆ రాత్రికి బిస్కెట్లు చిన్నగా తుంచి, నీళ్లలో తడిపి పెట్టండి. తిననంటే బలవంతం చేయొద్దు. గుమ్మం దగ్గర ఒక సీసా నిండా ఈ బిస్కెట్లు పెట్టి, వచ్చిన పిల్లలతో “వాడికి లడ్డూ వద్దమ్మా, ఇదిగో ఇది పెట్టు” అని చెప్పండి. మా ఇంట్లో ఇది బాగా పనిచేసింది.

తినకూడనిది తింటే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. హుషారుగానే ఉంది కదా అని ఆగకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, తిన్నదాని ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. పండగ రోజు అక్కడ గానీ, మీ డాక్టర్ దగ్గర గానీ ఏ వేళల్లో చూస్తారో పిండి కలపకముందే కనుక్కుని, నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.