సూర్య స్ఫుటం తప్పుగా వస్తోందా? ఫైల్ మార్చే ముందు ఎపాక్ చూడండి

సమస్య ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఖగోళ లెక్కల పైథాన్ లైబ్రరీలు స్కైఫీల్డ్‌తోనో ఆస్ట్రోపైతోనో సూర్యుడి సాయన స్ఫుటం, అంటే వసంత విషువత్ బిందువు నుంచి డిగ్రీల్లో కొలిచిన స్థానం తీశారు. పంచాంగంతో పోలిస్తే కొన్ని కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా. మకర సంక్రమణం గంటల కొద్దీ జరిగిపోయింది. వెంటనే చాలామంది ఇంకా పెద్ద ఎఫెమెరిస్ (గ్రహ స్థానాల) ఫైల్ డౌన్‌లోడ్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సూర్యుడి విషయంలో డీఈ421, డీఈ440 అనే ఎఫెమెరిస్ ఫైళ్ల మధ్య తేడా ఒక వికళ (కళలో అరవయ్యో వంతు) కూడా ఉండదు. మీకు వస్తున్నది వందల వికళల తేడా.

ముందు ఆ తేడా ఎంతో, ఎటువైపో రాసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

సుమారు 13.5 కళలు ఎక్కువ వస్తే: మన టైమ్‌ను (భారత కాలమానాన్ని) యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం అనుకుని ఇచ్చారు. సూర్యుడు గంటకు దాదాపు 2.5 కళలు కదులుతాడు, అయిదున్నర గంటలకు అంతే అవుతుంది. 5:30 తీసేసి ఇవ్వండి.

2025 తేదీకి సుమారు 21 కళలు తక్కువ వస్తే: ఇది ఎపాక్, అంటే ఏ తేదీ నాటి విషువత్ బిందువు నుంచి కొలుస్తున్నామన్నది. నన్ను బాగా ఏడిపించింది ఇదే.

విషువత్ బిందువు ఏడాదికి దాదాపు 50.3 వికళలు వెనక్కి జరుగుతుంది. స్కైఫీల్డ్‌లో ఎక్లిప్టిక్ (ఆకాశంలో సూర్యుడి దారి వెంట కొలిచే) స్థానం అడిగి ఎపాక్ చెప్పకపోతే 2000 నాటి బిందువు నుంచి కొలిచి ఇస్తుంది. మన పంచాంగ లెక్కకు కావలసింది ఆ రోజు బిందువు నుంచి. 2000 నాటి బిందువు నుంచి వచ్చిన స్ఫుటంలోంచి 2025 అయనాంశ (సాయన స్ఫుటాన్ని పంచాంగం వాడే నిరయన స్ఫుటంగా మార్చడానికి తీసేసే కోణం), అంటే సుమారు 24 డిగ్రీల 12 కళలు తీసేస్తే, పాతికేళ్ల చలనాన్ని రెండోసారి తీసేసినట్టు. సంక్రమణం ఎనిమిది గంటలకు పైగా ఆలస్యంగా చూపిస్తుంది.

2000 నాటి తేదీతో పరీక్షిస్తే ఈ తప్పు అసలు కనబడదు. ఇంకా ఘోరం 2016లో. నేను నా ప్రోగ్రాంను ఆ ఏడాది వసంత విషువత్తుతో సరిచూశాను: మార్చి 20, మన టైమ్ ఉదయం 10 గంటలు. స్ఫుటం దాదాపు సున్నా వచ్చింది, సంతోషించాను. నిజానికి రెండు తప్పులు ఉన్నాయి. ఎపాక్ వల్ల 13.6 కళలు తగ్గింది, టైమ్ జోన్ వల్ల 13.6 కళలు పెరిగింది. తర్వాత టైమ్ జోన్ సరిచేస్తే ఫలితం పాడైంది, దాంతో సరిచేసిందాన్ని మళ్లీ తీసేశాను! మీకు 2025లో ఏడెనిమిది కళలు తక్కువ వస్తుంటే మీ దగ్గరా ఈ రెండూ ఉన్నాయి. రెండూ కలిపి సరిచేయండి.

పరిష్కారం చిన్నదే. స్కైఫీల్డ్‌లో ఎపాక్‌కి 'డేట్' అని ఇవ్వండి. ఆస్ట్రోపైలో జియోసెంట్రిక్ ట్రూ ఎక్లిప్టిక్ ఫ్రేమ్‌లోకి మార్చడం ఒక్కటే చాలదు. అక్కడా ఈక్వినాక్స్ (విషువత్ బిందువు తేదీ) డిఫాల్ట్‌గా జె2000, అంటే 2000 నాటిది, కాబట్టి మీ టైమ్‌నే ఈక్వినాక్స్‌గా ఇవ్వాలి. నాసా వారి హొరైజన్స్ పట్టికతో పోల్చేవాళ్లు ఆస్ట్రోమెట్రిక్ కాలమ్ వదిలి అపారెంట్ కాలమ్ చూడండి. ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ స్టెల్లేరియం జె2000 విలువనూ, ఆ రోజు విలువనూ పక్కపక్కనే చూపిస్తుంది.

తర్వాత 2025 మార్చి 20, మన టైమ్ మధ్యాహ్నం 2:31 ఇచ్చి చూడండి. 0 లేదా 360కి అతి దగ్గరగా రావాలి. 359.65 వస్తే ఎపాక్ ఇంకా మారలేదు. ఒక్క తేదీతో ఆగకండి. 2005, 2025 రెండూ వేయండి. తేడా ఏడాదికి 50 వికళల చొప్పున పెరుగుతుంటే ఎపాక్, దాదాపు స్థిరంగా ఉంటే టైమ్.

20 వికళల తేడా: స్కైఫీల్డ్‌లో అపారెంట్ ఫంక్షన్‌ని పిలవడం మరిచారు, అబెర్రేషన్ (భూమి కదలిక వల్ల స్థానం కాస్త జరిగినట్టు కనబడడం) లెక్కలోకి రాలేదు. 17 వికళల లోపు ఊగుతుంటే న్యూటేషన్, అంటే భూమి అక్షం చిన్నగా ఊగడం. డెల్టా టీ (భూభ్రమణ కాలానికీ ఏకరీతి కాలానికీ తేడా) గురించి టెన్షన్ వద్దు, ఇప్పటి తేదీలకు అది 69 సెకన్లే, మూడు వికళలకు మించదు.

స్ఫుటం సరిగ్గా ఉండి సూర్యోదయం మాత్రం మూడు నాలుగు నిమిషాలు తేడా వస్తే: సూర్యుడి ఉన్నతి (దిగంతం నుంచి ఎత్తు) సున్నా పెట్టి ఉంటారు. వక్రీభవనానికి 34 కళలు, బింబంలో సగానికి 16 కళలు కలిపి మైనస్ 50 కళలు పెట్టండి.