సిమెంటు రేకుల కింద పొడి రాలుతోందా?

మన ఊళ్లలో ఆస్బెస్టాస్ అని ఎవరూ అనరు, సిమెంటు రేకులంటారు. ఆ సిమెంటును పట్టి ఉంచేది ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నారే.

ముందు గుర్తుపట్టాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుప రేకు. వెలుతురు లోపలికి దిగితే ప్లాస్టిక్ జాతిది. బూడిద రంగులో, సుమారు 6 మిల్లీమీటర్ల మందంతో అలలుగా ఉండి, ఇదివరకే విరిగిన అంచున పీచు కుచ్చులా కనబడితే అనుమానించాలి. చూద్దామని కొత్తగా విరవకండి! రేకు మీద ఐఎస్ 459 (భారతీయ ప్రమాణం సంఖ్య) అన్న ముద్ర ఉంటే అది ఆస్బెస్టాస్ సిమెంటు రేకే. ముద్ర చెరిగిపోతే ప్రయోగశాలలోనే తేలుతుంది. అంతవరకు ఆస్బెస్టాసే అనుకుని మెలగండి.

సమస్య: అటక మీద, బోర్లించిన గిన్నెల మీద బూడిద రంగు పొడి.

కారణం: ఏళ్ల తరబడి వానకు సిమెంటు అరిగి నార పైకి తేలుతుంది. రేకు మీది పాచిని ఇనుప బ్రష్షుతో గీకితే అతుకుల సందుల్లోంచి ఇంట్లోకి రాలుతుంది. దసరాకు ముందు మా ఇంట్లో ఏటా జరిగిన పని ఇదే. పోగులు కంటికి ఆనవు, గంటల తరబడి గాలిలో తేలుతాయి. ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లకు.

పరిష్కారం: చీపురు పట్టకండి. ఫ్యాను ఆపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఉతకకుండా సంచిలో మూటకట్టండి. బట్ట మాస్కు ఈ నారను ఆపదు, అతి సన్నని ధూళిని కూడా ఆపే పి100 రకం ఫిల్టరున్న మాస్కు కావాలి. పగుళ్లు లేని రేకుకు పూత వేయిస్తే చాలు, పీకించనక్కర్లేదు.

సమస్య: బోల్టు దగ్గర కారుతోంది.

వాషరు ఎండిపోయింది, మార్చండి. కొత్త కన్నం వేయించవద్దు. పనివాడిని రేకు మీద నేరుగా కాలు పెట్టనివ్వకండి: పాత రేకు చెప్పకుండా విరుగుతుంది, నార కంటే ముందు ఆ పడిపోవడమే ప్రాణం తీస్తుంది. దూలాల మీద ఆనేలా పలకలు వేయాలి.

సమస్య: వేసవిలో ఉడుకు.

పైన తెల్లరంగు వేయించండి. లోపల సీలింగు కట్టిస్తే రేకుకు డ్రిల్లు పెట్టకుండా దూలాలకే వేలాడదీయించండి.

సమస్య: రేకు విరిగింది, తీసేయాలి.

నీళ్లు చల్లి తడిపి, బోల్టులు కోసి, రేకును ముక్కలు కాకుండా దించాలి. కిందికి విసరకూడదు. మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి, ఎక్కడికి చేర్చాలో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడగండి. మంట దగ్గర పెడితే టపాకాయలా పేలుతుంది. గుంతలు పూడ్చడానికి అసలే వాడవద్దు. మా గేటు ముందు గుంతలో పోసిన ముక్కలను బళ్లు తొక్కి తొక్కి పిండి చేశాయి. మొన్న తడిపి, తవ్వి, మూటకట్టించాను.