ఆన్‌లైన్ వేలంలో అమ్మేటప్పుడు పార్శిల్ ఖర్చు, ఫీజులు లెక్క వేసుకోవడం ఎలా?

కొత్తగా అమ్మకం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే వరుసలో పని చేస్తారు. ముందు ఫోటోలు తీస్తారు, లిస్టింగ్ పెడతారు, పార్శిల్ ఖర్చు అనే గడి దగ్గరికి వచ్చేసరికి నోటికొచ్చిన అంకె ఒకటి కొట్టేస్తారు, వేలం ముగిశాక పెట్టె కోసం ఇల్లంతా వెతుకుతారు, ఆఖరికి కొరియర్ కౌంటర్ దగ్గర నిలబడి "ఇంత అవుతుందా!" అని నోరు తెరుస్తారు. ఇలా చేతి చమురు వదిలించుకున్నవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను. వరుస తిరగేయండి. పెట్టె ముందు, లిస్టింగ్ తర్వాత.

కింద లెక్కల్లో వట్టి అంకెలే వాడాను, మీ కరెన్సీ ఏదైతే అది అనుకోండి.

కావలసినవి

గ్రాముల్లో తూకం చూపించే డిజిటల్ కాటా, కొలత టేపు, రెండు మూడు సైజుల్లో అట్టపెట్టెలు, బబుల్ ర్యాప్, వెడల్పాటి బ్రౌన్ టేపు, ఒక నోటుపుస్తకం. అంతే. పారదర్శకంగా ఉండే సన్నటి టేపు వద్దు, ఎంత మంచిదైనా వద్దు. న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి నింపడం కూడా మానేయండి. దారిలో నలిగి అడుక్కి దిగిపోతాయి, పైగా ఇంకు వస్తువుకి అంటుతుంది.

1. ఫీజుల పేజీ ఒక్కసారి పూర్తిగా చదవండి

చిన్న పనే, కానీ ఎవరూ చేయరు. చాలా వేలం సైట్లలో కోత రెండు మూడు చోట్ల పడుతుంది. లిస్టింగ్ పెట్టినందుకు ఒక ఫీజు (నెలకి కొన్ని ఉచితంగా ఇస్తారు, అవి దాటాక మొదలవుతుంది). వస్తువు అమ్ముడయ్యాక మొత్తం మీద శాతం లెక్కన కమీషన్. ప్రతి ఆర్డర్‌కీ వేరే చిన్న స్థిర ఫీజు. ఇవి కాక మీరు కోరి తెచ్చుకునేవి ఉంటాయి: రిజర్వ్ ధర (ఇంతకు తగ్గితే అమ్మనని పెట్టుకునే హద్దు) పెడితే ఫీజు, రెండో కేటగిరీలో కూడా చూపించమంటే ఫీజు, పైన కనబడేలా ప్రమోట్ చేయమంటే ఫీజు. విదేశీ కొనుగోలుదారుడైతే అంతర్జాతీయ ఫీజు, కరెన్సీ మార్పిడి కోత. లిస్టింగ్ ఫీజు, రిజర్వ్ ఫీజు లాంటివి వస్తువు అమ్ముడుపోకపోయినా వెనక్కి రావని గుర్తుంచుకోండి. నేను రిజర్వ్ ధర ఎప్పుడూ పెట్టను, మీరూ పెట్టకండి. అంతకు తగ్గితే అమ్మనని అనుకున్నప్పుడు అదే ప్రారంభ ధరగా పెట్టేస్తే ఫీజు మిగులుతుంది.

2. వస్తువుని ప్యాక్ చేసేయండి

అవును, ఫోటోలు తీసిన వెంటనే, ఇంకా ఎవరూ కొనకముందే. బబుల్ ర్యాప్ రెండు చుట్లు, పెట్టెలో చుట్టూ మెత్త, ఊపితే లోపల కదలకూడదు. మూత మీద మాత్రం టేపు పూర్తిగా అతికించకండి, కొనేవాళ్లు ఇంకో ఫోటో అడిగితే మళ్లీ తీయాలి.

"అమ్ముడవుతుందో లేదో తెలియకుండా ఇప్పుడే ప్యాకింగ్ ఎందుకు?" అంటారు. కొరియర్‌వాడు డబ్బులు తీసుకునేది వస్తువుకి కాదు, పెట్టెకి. ఆ పెట్టె ఇంకా పుట్టనే లేదంటే దాని ఖర్చు మీకెలా తెలుస్తుంది?

3. తూకం, కొలత – అందరూ బోర్లాపడేది ఇక్కడే

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మిగతావి పైపైన చదివినా ఫరవాలేదు.

పార్శిల్‌కి రెండు బరువులు ఉంటాయి. ఒకటి కాటా చూపించే బరువు. రెండోది అది ఆక్రమించే చోటుని బట్టి లెక్కగట్టే బరువు, దీన్నే వాల్యూమెట్రిక్ బరువు అంటారు. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే కొరియర్‌వాళ్లు డబ్బులు తీసుకుంటారు. విమానంలోనైనా వ్యానులోనైనా బరువు కంటే ముందు చోటు నిండిపోతుంది. దూదిమూట చోటంతా ఆక్రమించి దూది బరువుకే డబ్బులిస్తానంటే వాళ్లకి గిట్టుబాటు కాదు, అందుకే ఈ లెక్క పెట్టుకున్నారు.

సూత్రం సులభం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని గుణించి, వచ్చినదాన్ని 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ లాంటి పెద్ద ఎక్స్‌ప్రెస్ కొరియర్లు అంతర్జాతీయ పార్శిళ్లకి వాడేది ఈ 5000. విమాన సరుకు రవాణాలో 6000 కూడా నడుస్తుంది. మీరు పంపే కొరియర్ ఏ అంకెతో భాగిస్తుందో వాళ్ల రేట్ల పట్టికలోనే ఉంటుంది, చూసి నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. అంగుళాల్లో కొలిచి 5000తో భాగించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి బరువు ఎంతో తక్కువగా కనబడి సంతోషం వేస్తుంది, బిల్లు వచ్చేదాకా. అంగుళాలూ పౌండ్లూ వాడే లెక్కకి భాజకం వేరు, 139.

నా మొదటి పెద్ద దెబ్బ ఒక లాంప్‌షేడ్. గుడ్డతో చేసినది, 700 గ్రాములు కూడా లేదు. కిలో పార్శిల్ అనుకుని దానికి తగ్గ ఖర్చు వేశాను. దాన్ని పెట్టిన పెట్టె 35 × 35 × 40, ఇంట్లో ఖాళీగా పడుంది కదా అని వాడేశాను. గుణిస్తే 49,000. 5000తో భాగిస్తే 9.8. కౌంటర్‌లో 10 కిలోల రేటు అడిగారు. వేలంలో నాకు వచ్చింది ఆ రేటులో సగం లేదు. కొన్నావిడకి మాటిచ్చాం కాబట్టి పంపక తప్పలేదు. తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ షేడ్ 30 × 30 × 32 పెట్టెలో చక్కగా పట్టేది, 5.76, అంటే 6 కిలోల రేటు. ఖాళీగా దొరికిన పెట్టె నాకు 4 కిలోల గాలిని అమ్మింది.

కాబట్టి వస్తువుకి తగ్గ పెట్టె తీసుకోండి. పెట్టె పెద్దదైతే నాలుగు మూలలూ నిలువునా కోసి, అంచులు లోపలికి మడిచి ఎత్తు తగ్గించండి. అలా కోస్తే పెట్టె బలం పోతుంది అనేవాళ్ల మాట వినకండి, మూలల మీద టేపు రెండుసార్లు వేస్తే ఏమీ కాదు.

కొలిచేటప్పుడు టేపు పెట్టె బయటి వైపు పెట్టాలి. అట్టపెట్టెల మీద ముద్రించి ఉండేవి తరచుగా లోపలి కొలతలు, అవి రాసుకుంటే ప్రతి వైపూ అట్ట మందం మేర తక్కువ చెప్పినట్టే. ఇక ఉబ్బు సంగతి. చాలామంది అంచు దగ్గర కొలుస్తారు. కొరియర్ గోదాములో కొలిచేది యంత్రం, అది పెట్టెలో ఎక్కువ ఉబ్బిన చోటునే పట్టుకుంటుంది. 30 × 30 × 20 పెట్టె అయితే 3.6, అర కిలో స్లాబుల్లో (అంటే అర కిలోకోసారి పెరిగే రేటు మెట్లలో) 4 కిలోల రేటు. అదే పెట్టెని కుక్కి నింపి మూత నాలుగు సెంటీమీటర్లు ఉబ్బిందనుకోండి, ఎత్తు 24 అయి లెక్క 4.32 అవుతుంది, 4.5 కిలోల రేటు పడుతుంది. అరచేత్తో మూత మీద నొక్కితే కొంచెం దిగాలి, వదిలితే చదునుగా నిలవాలి. చేతికి గట్టిగా, గుండ్రంగా తగిలిందా, విప్పి మళ్లీ సర్దండి.

తూకం కూడా టేపు, లేబుల్, లోపల పెట్టే కాగితం, అన్నీ పెట్టె మీద పెట్టి చూడాలి, ఇంకా అతికించకపోయినా సరే. 980 గ్రాములు చూసి హమ్మయ్య అనుకున్న పెట్టెకి టేపు, లేబుల్ పడేసరికి కిలో దాటడం నేను ఎన్నిసార్లు చూశానో. స్లాబు దాటింది ఒక్క గ్రామే అయినా పై స్లాబు రేటే కట్టాలి. అంచున ఉన్న పార్శిల్‌కి నేను ఎప్పుడూ పై స్లాబే రాస్తాను. ఇది పిరికితనం అన్నారు ఒకరు. తక్కువ రాసి పంపితే పార్శిల్ ఆగదు, వెళ్లిపోతుంది, కొన్నాళ్ల తర్వాత తేడా మొత్తం మీ ఖాతాలో సవరణ చార్జీగా పడుతుంది, అప్పటికి కొన్నవాళ్లని అడగలేరు. తర్వాత చెప్పమనండి ఎవరు పిరికివాళ్లో.

ఇంకో మాట. బిడ్ పడ్డాక లిస్టింగ్‌లో ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయనివ్వరు. అందుకే కొలతలు ముందే అయిపోవాలి అని ఇంతలా చెబుతున్నది.

4. ఎంత దూరం వెళ్తుందో చూడండి

కొరియర్ రేట్లు దూరాన్ని బట్టి జోన్లుగా ఉంటాయి. వేలంలో ఎవరు గెలుస్తారో తెలియదు కాబట్టి రెండే దారులు: కొనేవాళ్ల పోస్టల్ కోడ్ బట్టి సైట్ లెక్కగట్టే పద్ధతి, లేదా అందరికీ ఒకే రేటు. చిన్న, తేలికైన వస్తువులకి ఒకే రేటు పెట్టండి, అదీ మీరు పంపడానికి సిద్ధపడే అన్నిటికంటే దూరపు జోన్ రేటు. బరువైనవాటికి సైట్ లెక్కకే వదిలేయండి. విదేశాలకి పంపడం మొదటి 20 అమ్మకాలు అయ్యేదాకా ఆపేయండి.

5. పార్శిల్ ఖర్చు మీద కూడా కమీషన్ పడుతుంది

ఇది చెప్తే నమ్మరు. ఈబేలో అయితే కమీషన్ వేసేది వస్తువు ధర మీద కాదు, కొన్నవాళ్లు కట్టిన మొత్తం మీద, పార్శిల్ ఖర్చుతో కలిపి. 1995లో మొదలైన ఈ సైట్ అమెరికాలో చాలా ఏళ్లు పార్శిల్ ఖర్చుని ముట్టుకోలేదు. అప్పుడు తెలివైన అమ్మకందార్లు వస్తువుని నామమాత్రపు ధరకి పెట్టి, అసలు ధరంతా పార్శిల్ ఖర్చులోకి తోసేసి కమీషన్ ఎగ్గొట్టేవాళ్లు. 2011లో అక్కడ పార్శిల్ ఖర్చుని కూడా లెక్కలో కలిపారు. వాళ్ల తెలివికి ఇప్పుడు మనమందరం కడుతున్నాం.

లెక్క చూడండి. కమీషన్ 13 శాతం అనుకుందాం. వస్తువు 500కి పోయింది, పార్శిల్ ఖర్చు 100 వేశారు. కొత్తవాళ్లు 500 మీద 65 అనుకుంటారు. పడేది 600 మీద 78. పార్శిల్‌కని తీసుకున్న 100లో మీ చేతికి వచ్చింది 87. కొరియర్‌కి కట్టాల్సింది 100. ఆ 13 మీ జేబులోంచి.

సరే, 13 శాతం కలిపి 113 వేద్దాం అంటారు. అదీ తప్పే, 113లో 13 శాతం పోతే మిగిలేది 98.31. కలపకూడదు, భాగించాలి. 100ని 0.87తో భాగిస్తే 114.94 వస్తుంది, 115 వేయండి. మీ సైట్‌లో శాతం ఎంతో, 100లోంచి అది తీసేయగా మిగిలినదాన్ని 100తో భాగించి పెట్టుకోండి, ఇక జీవితాంతం ఆ ఒక్క అంకెతో పని జరిగిపోతుంది.

6. ప్రారంభ ధర

ఇక్కడా అదే భాగహారం. వస్తువు మీకు పడింది 200, ప్యాకింగ్ సామాను 15, స్థిర ఫీజు 5 అనుకుంటే మొత్తం 220. దాన్ని 0.87తో భాగిస్తే 253 దగ్గరికి వస్తుంది. 253కి తక్కువ ప్రారంభ ధర పెడితే అసలుకే ఎసరు. "తక్కువతో మొదలుపెడితే జనం ఎగబడతారు" అనే సలహా విని పెట్టినవాళ్లలో ఒకే ఒక్క బిడ్‌తో వేలం ముగిసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ప్యాకింగ్ సామాను ఖర్చు చాలామంది వదిలేస్తారు. బబుల్ ర్యాప్ మీకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు కదా, రాయండి.

పార్శిల్ ఉచితం అనే బోర్డు వేలంలో పెట్టకండి. స్థిర ధర అమ్మకాల్లో అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ధర మీ చేతిలో ఉంటుంది. వేలంలో ధర కొనేవాళ్ల చేతిలో, కొరియర్ రేటు మీ నెత్తిన. పై లెక్కలోనే పార్శిల్ 100 కూడా కలిపితే 320, భాగిస్తే 368. అక్కడినుంచి మొదలుపెడితే చూసేవాళ్లు వెళ్లిపోతారు, తక్కువనుంచి మొదలుపెడితే మీరు పోతారు.

7. అమ్ముడయ్యాక

డబ్బు వచ్చిందని సైట్ చెప్పాకే పంపండి. ట్రాకింగ్ లేకుండా ఏదీ పంపొద్దు. అందలేదని కొన్నవాళ్లు అంటే మీ దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే. పగిలేవాటికి, ఖరీదైనవాటికి ఇన్సూరెన్స్ తీసుకోండి, దాని ఖర్చుని కూడా అదే భాగహారంలో వేయండి.

ఒకరే రెండు మూడు వస్తువులు గెలిస్తే, అన్నీ ఒకే పెట్టెలో పెట్టి మళ్లీ కొలవండి. ఖర్చు తగ్గించి బిల్లు పంపితే వాళ్లు మళ్లీ వస్తారు. కానీ ముందు కొలిచి చూడకుండా "సగం తగ్గిస్తాను" అని మెసేజ్ పెట్టకండి, రెండు చిన్న పెట్టెల కంటే ఒక పెద్ద పెట్టె వాల్యూమెట్రిక్ బరువు ఎక్కువ కావచ్చు.

రిటర్న్ వచ్చినప్పుడు, తప్పు మీదైతే (చెప్పినట్టు లేదు, పగిలింది), వెనక్కి వచ్చే పార్శిల్ ఖర్చు కూడా సాధారణంగా మీదే. కమీషన్ వెనక్కి ఇచ్చినా ఆర్డర్‌కి వేసిన స్థిర ఫీజు ఇవ్వని చోట్లున్నాయి. అందుకే పంపేముందు పెట్టె తెరిచి ఒకటి, మూసి కాటా మీద పెట్టి ఒకటి ఫోటో తీసుకోండి, కాటా అంకె కనబడాలి. కొరియర్‌వాళ్లు బరువు ఎక్కువ అని సవరణ చార్జీ వేసినప్పుడు కూడా నేను ఆ రెండో ఫోటోనే పంపుతాను, టేపు పట్టి కొలిచిన ఇంకో మూడు ఫోటోలు జతచేసి.