పిప్ తగ్గిస్తూ లేఖ వచ్చిందా? సవాలు చేసే ముందు ఈ లెక్క చూసుకోండి

బ్రిటన్‌లో వైకల్యం, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌ను అందరూ పిప్ అనే అంటారు. రివ్యూ తర్వాత అది తగ్గిందంటే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఊరుకోకూడదు, అప్పీలు చేద్దాం’ అని ఒకరంటే, ‘కదిలిస్తే ఉన్నది కూడా పోతుంది’ అని ఇంకొకరు భయపడతారు. రెండింట్లోనూ నిజం ఉంది. మీ విషయంలో ఏది నిజమో లేఖలోని పాయింట్లు చూస్తే తెలుస్తుంది.

ముందు గడువు సంగతి. లేఖ మీద వేసిన తేదీ నుంచి ఒక నెలలోపు మ్యాండేటరీ రీకన్సిడరేషన్ అడగాలి, అంటే ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని కోరాలి. లేఖ ఇంటికి చేరిన రోజు నుంచి లెక్కపెట్టకండి. ఈ మెట్టు దాటకుండా అప్పీలు వినే ట్రిబ్యునల్‌కు వెళ్లడం కుదరదు. ఆస్పత్రిలో ఉన్నామనో, లేఖ ఆలస్యంగా అందిందనో తగిన కారణం చూపితే 13 నెలల దాకా అడగొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. డాక్టరు కాగితం వచ్చాకే పంపుదామని ఆగి గడువు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. లేఖలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగినా చెల్లుతుంది. ‘ఆధారాలు తర్వాత పంపిస్తాను’ అని చెప్పి, ఎప్పటిలోగా పంపాలో అడిగి, మాట్లాడిన తేదీ, అవతలివారి పేరు రాసిపెట్టుకోండి. అదే ఫోన్‌లో అసెస్‌మెంట్ రిపోర్టు కాపీ కూడా అడగండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ రిపోర్టు చదవకుండా నిర్ణయం తీసుకోవడం సరికాదు.

పాయింట్లు ఎక్కడ పోయాయి?

పిప్‌లో డైలీ లివింగ్, మొబిలిటీ అని రెండు భాగాలు. మొదటిదాంట్లో వంట, తినడం, మందులు, స్నానం, మరుగుదొడ్డి, బట్టలు, మాట్లాడటం, చదవడం, మనుషులతో కలవడం, డబ్బు వ్యవహారం అని పది పనులుంటాయి. రెండోదాంట్లో ప్రయాణం ప్లాన్ చేసుకుని వెళ్లగలగడం, నడక అని రెండు. ఒక్కో పని కింద ఇబ్బందిని చెప్పే కొన్ని వాక్యాలు, వాటికి పాయింట్లు ఉంటాయి. మీకు వర్తించే వాక్యాల్లో ఎక్కువ పాయింట్లున్నది ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఒక భాగంలో మొత్తం 8 నుంచి 11 వస్తే స్టాండర్డ్, 12 లేదా అంతకు మించి వస్తే పై రేటైన ఎన్‌హాన్స్‌డ్. 7 వస్తే ఆ భాగంలో ఒక్క పెన్నీ రాదు.

2025-26 రేట్ల ప్రకారం డైలీ లివింగ్ స్టాండర్డ్ వారానికి 73.90 పౌండ్లు, ఎన్‌హాన్స్‌డ్ 110.40. మొబిలిటీ స్టాండర్డ్ 29.20, ఎన్‌హాన్స్‌డ్ 77.05. అంటే డైలీ లివింగ్‌లో ఒక మెట్టు దిగితే వారానికి 36.50 పౌండ్లు, ఏడాదికి 1,898 పోతాయి. మొబిలిటీలో దిగితే వారానికి 47.85, ఏడాదికి దాదాపు 2,488.

నగదుతో పాటు దానికి ముడిపడినవి కూడా చూసుకోండి. పిప్ డబ్బుకు బదులు అద్దెకు ఇచ్చే మోటబిలిటీ కారు ఎన్‌హాన్స్‌డ్ మొబిలిటీ ఉన్నవాళ్లకే. సవాలు చేశాం కదా అని కారు మీ దగ్గరే ఉండిపోదు, తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. రోడ్డు పన్ను పూర్తి మినహాయింపు కాస్తా సగానికి పడిపోతుంది. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని చూసుకుంటూ కేరర్స్ అలవెన్స్ తీసుకుంటుంటే మాత్రం, డైలీ లివింగ్ ఎన్‌హాన్స్‌డ్ నుంచి స్టాండర్డ్‌కు దిగినా దానికి ఢోకా లేదు, ఏ రేటైనా సరిపోతుంది. డైలీ లివింగ్ మొత్తం పోతేనే అది కూడా పోతుంది. సవాలులో అసలు ప్రమాదం ఇక్కడుంది.

గెలిస్తే ఎంత, ఓడితే ఎంత

రీకన్సిడరేషన్‌లో గానీ ట్రిబ్యునల్‌లో గానీ మీరు అడిగిన పనినే చూస్తారన్న హామీ లేదు. మొత్తం అవార్డును, అంటే మీకు ఖరారు చేసిన పిప్‌ను, మళ్లీ తూచే అధికారం వాళ్లకుంది. పెంచొచ్చు, అలాగే ఉంచొచ్చు, తగ్గించనూ వచ్చు.

కీళ్లవాతం ఉన్న ఒకరికి పాత అవార్డులో వంటకు 2, తినడానికి 2, మందులకు 1, స్నానానికి 3, మరుగుదొడ్డికి 2, బట్టలకు 2, మొత్తం 12 వచ్చాయనుకుందాం. రివ్యూలో మరుగుదొడ్డి 2 పాయింట్లు తీసేసి 10 చేశారు. ఆమె కమోడ్ పక్కన గోడకు బిగించిన కడ్డీ పట్టుకుంటే తప్ప లేవలేదు. ఆ కడ్డీ పిప్ లెక్కలో ‘సహాయక పరికరం’, దానికి 2 పాయింట్లు. కడ్డీ ఫొటో, ఆక్యుపేషనల్ థెరపిస్టు పెట్టించినట్టు కాగితం ఉంటే కావాల్సిన 2 పాయింట్లు తిరిగి రావడానికి గట్టి అవకాశం ఉంది. పైగా ఇప్పటి 10లో రెండు జారినా 8 మిగిలి స్టాండర్డ్ నిలుస్తుంది. ఇలాంటి కేసు వదులుకోకూడదు.

ఇంకొకరికి సరిగ్గా 8 మాత్రమే ఉన్నాయి, ఎన్‌హాన్స్‌డ్‌కు ఇంకా 4 కావాలి. ఉన్న 8లో నాలుగు పాయింట్లు కేవలం ఆయన చెప్పిన మాట మీద ఇచ్చినవి, మందు మారాక ఆ ఇబ్బంది తగ్గినట్టు క్లినిక్ లేఖలోనే ఉంది. ఇక్కడ గెలిస్తే వారానికి 36.50 వస్తాయి, ఓడితే 73.90 పోతాయి, దాంతోపాటు ఇంట్లోవాళ్ల కేరర్స్ అలవెన్సూ పోతుంది. ఇలాంటప్పుడు సిటిజన్స్ అడ్వైస్‌లోనో, కౌన్సిల్ వెల్ఫేర్ రైట్స్ విభాగంలోనో కాగితాలు చూపించకుండా ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం. సలహాకు ఫీజు ఉండదు.

కాబట్టి లేఖ పక్కన ఒక కాగితం పెట్టుకుని మూడు వరసలు రాయండి. ఇచ్చిన పాయింట్లలో ఆధారంతో నిలబడేవి, గాల్లో ఉన్నవి, అన్యాయంగా తీసేసినవి. మూడో వరస కూడితే పై మెట్టు అందుతుందా? రెండో వరస పోతే కింద మెట్టు జారిపోతుందా? ఈ రెండు జవాబులు వచ్చాక నిర్ణయం చాలావరకు తేలిపోతుంది. మూడో వరస మొత్తం కలిపినా పై మెట్టుకు చేరకపోతే, న్యాయం మీ వైపున్నా డబ్బులో తేడా రాదు.

నడక విషయంలో గీత చాలా సన్నం. 20 మీటర్లకు మించి నిలబడి నడవలేకపోతే 12 పాయింట్లు, అంటే ఎన్‌హాన్స్‌డ్. 20 దాటి 50 లోపు నడవగలిగితే పరికరం లేకుండా అయితే 8, కర్ర వంటిది పట్టుకుని అయితే 10. మొబిలిటీ తగ్గించిన లేఖల్లో గొడవంతా ఈ 20 మీటర్ల దగ్గరే. 20 మీటర్లంటే రెండు డబుల్ డెక్కర్ బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత పొడవు. ఇంటి గేటు నుంచి టేపు పెట్టి కొలవండి, ఎక్కడ ఆగారో, నొప్పి ఎక్కడ మొదలైందో, మళ్లీ నడవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి.

జబ్బు గురించి కాదు, పని గురించి రాయాలి

‘నాకు డయాబెటిస్, స్పాండిలైటిస్, బీపీ ఉన్నాయి’ అని పేజీలు నింపితే పాయింట్లు రావు. ఏ పని, ఎందుకు చేయలేరు, చేస్తే ఏమవుతుంది, ఎవరి సాయం కావాలి, వారంలో ఎన్ని రోజులు? ఇవే కావాలి. నిబంధనల ప్రకారం ఒక పని ‘చేయగలరు’ అనాలంటే నాలుగు షరతులు తీరాలి. ప్రమాదం లేకుండా చేయాలి, తగినంత బాగా చేయాలి, అవసరమైనన్ని సార్లు చేయగలగాలి, మామూలు మనిషికి పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు దాటకుండా చేయాలి. ఈ ఇబ్బంది సగానికి పైగా రోజుల్లో ఉండాలి. ఒకసారి అటూ ఇటూ నడిచి ఆ పూటంతా మంచం పట్టేవాళ్లు ‘నడవగలరు’ కిందికి రారు. రిపోర్టుల్లో ఎక్కువగా వదిలేసేది ఈ నాలుగు షరతులనే, గెలిచే సవాళ్లలో ఎక్కువ నిలబడేదీ వీటి మీదే.

మన ఇళ్ల అలవాట్లు కొన్ని ఇక్కడ దెబ్బ తీస్తాయి. ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘పర్లేదండీ, ఏదో నెట్టుకొస్తున్నా’ అంటాం. రిపోర్టులో అది ‘ఇబ్బంది లేదన్నారు’ అని ఎక్కుతుంది. ‘వంట మా కోడలే చేస్తుంది’ అంటే వండగలరో లేదో తేలదు, వండే పని పడలేదని రాసుకుంటారు. ఒక్కరే ఉంటే చేయగలరా అన్నదే అసలు ప్రశ్న. నిబంధనల్లో వంట అంటే తాజా సరుకులతో ఒక మనిషికి ఒక సాదా వంటకం, నడుము ఎత్తు పొయ్యి మీద. కిందున్న ఓవెన్‌లోంచి వంగి ట్రే తీయలేకపోతున్నామన్న వాదన అందుకే నిలబడదు. కత్తి పట్టులో నిలవక కూరగాయలు తరగలేకపోవడం, వేడి గిన్నె చేతిలోంచి జారడం నిలబడతాయి.

స్నానం ఇంకో చోటు. టబ్బు అంచు దాటలేక, బాత్రూంలో స్టూలు మీద కూర్చుని బకెట్, మగ్గుతో పోసుకునేవాళ్లున్నారు. ‘స్నానం నేనే చేస్తాను’ అని చెప్పి అక్కడే పాయింట్లు పోగొట్టుకుంటారు. మార్పులేవీ చేయని మామూలు టబ్బు లేదా షవర్‌లోకి దిగి ఎక్కడానికి ఎవరైనా పట్టుకోవాల్సి ఉంటే 3 పాయింట్లు. బకెట్ స్నానం ఎందుకు మొదలైందో రాయండి. భోజనం చేత్తో తినేవాళ్లు కూడా అంతే. చేత్తో అన్నం తింటున్నారని రాసి 0 ఇస్తారు. తినడం అనే పనిలో ముక్కలు కోసుకోవడం కూడా భాగం, అది ఇంకొకరు చేసిపెట్టాల్సి వస్తే 2 పాయింట్లు.

మాట్లాడటం, చదవడం అనే పనులను మాతృభాషలోనే కొలవాలని నిబంధనల్లో ఉంది. ఇంగ్లిష్ రాదన్నందుకు పాయింట్లు రావు. ఆ మాట రాసి బలహీనపడొద్దు. తెలుగులో చెప్పిన మాటే అర్థం చేసుకోలేకపోతున్నారా, తెలుగు అక్షరాలే చదవలేకపోతున్నారా అన్నది చూపించండి.

ఆధారాల్లో జీపీ (మీ స్థానిక డాక్టరు) రాసిన ‘ఈ పేషెంటు పిప్‌కు అర్హులు’ అన్న ఒక్క వాక్యం పెద్దగా పనికిరాదు. ‘గత మార్చి నుంచి షవర్‌లోకి దిగడానికి భార్య సాయం కావాలి’ అని ఫిజియోథెరపిస్టు రాసిన రెండు లైన్లు నయం. రెండు వారాల డైరీ, రోజూ చూసుకునే మనిషి రాసిన లేఖ కూడా ఆధారాలే. రిపోర్టులో తప్పులుంటే పేజీ, పేరా చెబుతూ ఎదురు రాయండి. ‘వెయిటింగ్ రూమ్ నుంచి ఇబ్బంది లేకుండా నడిచారు’ అని ఉంటే, ఆ దూరం ఎంత, గోడ పట్టుకున్నారా, లోపలికి వెళ్లాక ఏమైంది అని. అసెసర్‌ను నిందిస్తూ రాసిన పేరా ఒక్క పాయింటు కూడా తేదు.

పంపాక ఏం జరుగుతుంది

సీఆర్‌ఎంఆర్1 ఫారం గానీ మామూలు లేఖ గానీ పంపొచ్చు. ప్రతి కాగితం మీద పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు రాసి, కాపీ దగ్గర పెట్టుకుని, పంపిన రసీదు దాచండి. జవాబు ఇన్ని రోజుల్లో ఇవ్వాలన్న చట్టబద్ధ గడువు లేదు. ఈలోగా తగ్గించిన డబ్బే వస్తుంది. గెలిస్తే తగ్గించిన తేదీ నుంచి బకాయి కట్టిస్తారు.

రీకన్సిడరేషన్‌లో మార్పు రాకపోతే నిరుత్సాహపడి అక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆగకండి, లెక్క మీ వైపు ఉంటే. వచ్చిన నోటీసు తేదీ నుంచి ఒక నెలలోపు ఎస్‌ఎస్‌సీఎస్1 ఫారంతో గానీ ఆన్‌లైన్‌లో గానీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నిర్ణయించేది పిప్ ఇచ్చే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీ కాదు. ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవం ఉన్న మరొకరు వింటారు. విచారణ దాకా వెళ్లిన పిప్ అప్పీళ్లలో సగానికి పైగా దరఖాస్తుదారు వైపే తేలుతున్నాయి. కాగితాల మీదే తేల్చమని అడగొచ్చు గానీ, ఫోన్‌లోనో వీడియోలోనో ఎదురుగానో మాట్లాడటమే మేలు. తెలుగు దుబాసీ కావాలని ఫారంలోనే రాయండి, ఖర్చు ట్రిబ్యునల్‌దే. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవచ్చు గానీ, అనువాదం వాళ్ల చేత చేయించరు.

విచారణకు ముందు డీడబ్ల్యూపీ ఫోన్ చేసి కొంత పెంచుతామని చెప్పవచ్చు. అప్పటికప్పుడు సరే అనాల్సిన పనిలేదు, పాయింట్లు ఎంత ఇస్తున్నారో అడిగి ఆలోచించుకోండి. ఒప్పుకుంటే ఆ అప్పీలు ముగుస్తుంది, కొత్త నిర్ణయం మీద మళ్లీ అప్పీలు చేసే హక్కు ఉంటుంది.

ట్రిబ్యునల్ చూసేది నిర్ణయం తీసుకున్న రోజుకు మీ పరిస్థితిని. తర్వాత వచ్చిన కాగితమైనా ఆ రోజుల సంగతి చెబితే పనికొస్తుంది. నిర్ణయం తర్వాత జబ్బు ముదిరితే అది అప్పీలులో తేలదు, పరిస్థితి మారిందని డీడబ్ల్యూపీకి విడిగా తెలపాలి. అయితే అలా తెలిపితే అవార్డు మొత్తం మళ్లీ చూస్తారని గుర్తుంచుకోండి. విచారణలో ‘ఇప్పుడున్న అవార్డు కూడా తగ్గవచ్చు’ అని జడ్జి హెచ్చరిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆలోచించుకోవడానికి వాయిదా అడగొచ్చు, అప్పీలు వెనక్కి తీసుకుంటానని కూడా చెప్పొచ్చు.

స్కాట్లాండ్‌లో ఉండేవాళ్లకు దారి వేరు. అక్కడ పిప్ స్థానంలో అడల్ట్ డిసేబిలిటీ పేమెంట్ ఉంది. రీడిటర్మినేషన్ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమనడం) అడగడానికి 42 రోజుల గడువు. రివ్యూలో తగ్గించినప్పుడు సవాలు నడిచినంత కాలం పాత మొత్తానికి సరిపడా షార్ట్ టర్మ్ అసిస్టెన్స్ అడగొచ్చు, ఓడిపోయినా తిరిగి కట్టక్కర్లేదు. ఇది దానంతట అది రాదు, రీడిటర్మినేషన్ అడిగేటప్పుడే దీనికీ దరఖాస్తు పెట్టాలి.