ఓయాసిస్ డేటాతో మెదడు ఎమ్ఆర్ఐ ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలి

అల్జీమర్స్ మీద ప్రాజెక్ట్ అనగానే చాలామంది స్టూడెంట్స్ స్కాన్‌లన్నీ దించేసుకుని నేరుగా డీప్ లెర్నింగ్ మోడల్‌కి ఇచ్చేస్తారు, యాక్యురసీ బాగా వచ్చిందని సంబరపడతారు, తీరా చూస్తే మోడల్ పట్టుకుంది జబ్బుని కాదు, వయసుని. అందుకే ముందు స్కాన్‌లు ముట్టుకోకండి, ఎక్సెల్ షీట్ తెరవండి.

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళ ఓయాసిస్-1 డేటా ఫ్రీగా దొరుకుతుంది. 18 నుంచి 96 ఏళ్ళ దాకా 416 మంది. షీట్‌లో మాత్రం 436 వరసలు కనిపిస్తాయి, ఎందుకంటే 20 మందికి 90 రోజుల లోపే రెండోసారి స్కాన్ తీశారు, వాళ్ళ ఐడీ చివర ఎంఆర్2 అని ఉంటుంది. ఆ వరసలు పక్కన పెట్టండి, పారేయకండి, మీ కొలత ఎంత నిలకడగా వస్తోందో చూసుకోడానికి అవే దిక్కు.

తర్వాత సీడీఆర్ కాలమ్. డాక్టర్లు మనిషితోనూ దగ్గరివాళ్ళతోనూ మాట్లాడి వేసే స్కోర్ అది. 0 అంటే డిమెన్షియా లేదు, 0.5 అంటే మరీ తొలి దశ, ఇందులో 70 మంది ఉన్నారు, 1లో 28, 2లో ఇద్దరే. చిన్న వయసు వాళ్ళకి ఈ గడి ఖాళీగా ఉంటుంది, దాన్ని 0తో నింపేసి అందరినీ ఒకే గుంపులో కలిపారంటే పాతికేళ్ళ కుర్రాడిని ఎనభై ఏళ్ళ పేషెంట్‌తో పోల్చినట్టే. జబ్బు లేకపోయినా వయసుతో మెదడు కుంచించుకుపోతూనే ఉంటుంది కదా! కాబట్టి 60 దాటినవాళ్ళనే తీసుకుని, వయసు అడ్డంగా, ఎన్‌డబ్ల్యూబీవీ నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. అది తల సైజుకి సరిచేసిన మెదడు కొలతే, మళ్ళీ ఈటీఐవీతో (పుర్రె లోపలి మొత్తం పరిమాణంతో) భాగించక్కర్లేదు.

ఇదయ్యాకే హిప్పోక్యాంపస్, అంటే జ్ఞాపకాలు చూసుకునే మెదడు భాగం, కొలవండి. మెదడు భాగాల్ని విడదీసి కొలిచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికాన్-ఆల్ అనే కమాండ్ నడిపితే ఒక్కో స్కాన్‌కి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి, పొద్దున్నే మాత్రం గీసిన హద్దులు కళ్ళతో చూసి తీరాలి. ఇక్కడ వచ్చే కొలతని మాత్రం తల సైజుకి మీరే సరిచేయాలి.

మోడల్ కట్టేటప్పుడు ట్రైనింగ్, టెస్ట్ అని మనుషుల్ని విడగొట్టండి, స్లైసుల్ని (స్కాన్‌లోని ఒక్కో పొర బొమ్మని) కాదు, ఒకే మనిషి స్లైసులు రెండు వైపులా పడితే ఆ రిజల్ట్ ఎందుకూ పనికిరాదు.

రిపోర్ట్‌లో "అమిలాయిడ్" (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రోటీన్) అని రాసేయకండి, ఈ ఎమ్ఆర్ఐలో అది కనబడదు. దానికి పెట్ స్కాన్ కావాలి, అవి ఓయాసిస్-3లో ఉన్నాయి.