ముత్తాత జాడ తెగిపోయిందా? ముందు ఇవి చూడండి

అమెరికాలోని అయొవా రాష్ట్రంలో మా ఊరి లైబ్రరీ చరిత్ర గదిలో శనివారాలు కూర్చుంటాను. ఈమధ్య మనవాళ్ళూ వస్తున్నారు. అల్లుడు ఇక్కడివాడు, మనవరాలికి స్కూల్లో వంశవృక్షం గీయమన్నారు, అటువైపు తాతల పేర్లు కావాలి. వంశవృక్షాల సైట్లలో పేరు కొట్టి వెతకడం, చెట్టుకు తగిలించడం అందరికీ వచ్చు. ఎక్కడో ఆగిపోతేనే నా దగ్గరికొస్తారు.

వచ్చినవాళ్ళను మొదట ఒకటే అడుగుతాను: "అసలు కాగితం చూశారా?" పదిమందిలో ఎనిమిదిమంది చూసి ఉండరు. ఎవరో టైపు చేసిన సూచిక చూస్తారు, లేదా ఇంకొకరి చెట్టులోంచి దించుకుంటారు. ముందు అసలు కాగితం ఫొటో తెరవండి. దాని వెనక పేజీ, ముందు పేజీ కూడా చదవండి. ఇరుగుపొరుగు పేర్లు రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

1850కి ముందు మనిషి లేడు

ఉన్నాడు, పేరు లేదు. 1790 నుంచి 1840 దాకా జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్ళంతా వయసు గడుల్లో అంకెలు. స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. బానిసలుగా ఉన్నవాళ్ళను అప్పుడూ పేరు లేకుండానే లెక్కపెట్టారు. కాబట్టి 1840లో మీవాడిని కాదు, వాళ్ళ నాన్నను వెతకాలి. ఆ నాన్న ఎవరో వీలునామాల్లో, ఆస్తి పంపకాల కాగితాల్లో దొరుకుతాడు.

ఇంకొకటి. ఇంటిపెద్దకు ఎవరేమవుతారో 1880 లెక్కల్లోనే మొదటిసారి రాశారు. 1850, 60, 70లో ఇంట్లో ఉన్న ఆవిడ పిల్లల తల్లే అని రాసేసుకోకండి. రెండో భార్య కావచ్చు.

కౌంటీ కోర్టులో ఒక్క దస్తావేజూ లేదు

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అప్పటికి ఆ కౌంటీయే లేదేమో. 1834లో అయొవా అంతటికీ రెండే కౌంటీలు: డుబ్యూక్, డి మోయిన్. ఇప్పుడు 99. పాత కాగితాలు సాధారణంగా తల్లి కౌంటీలోనే ఉండిపోతాయి. పది జిల్లాలు ముప్పై మూడు కావడం చూసిన తెలంగాణవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అన్నీ దొరికాయి, కానీ లెక్క కుదరడం లేదు

ఇది అసలు రోగం. భార్య పేరు నాన్సీ, ఐదేళ్ళకు ఎలిజబెత్, మళ్ళీ నాన్సీ. ఒకే ఏడాది తూర్పున ఒహాయో రాష్ట్రంలో ఒక బిడ్డ, అయొవాలో ఒక బిడ్డ. వీటిని చూసి "గుమాస్తా తప్పు రాశాడు" అని సర్దుకుంటారు. నేనూ అలాగే సర్దుకున్నాను. ఒక విలియం వెనక రెండేళ్ళు తిరిగి, నాలుగు తరాలు పైకి ఎక్కించాక, నా విలియం అయొవాలో పొలం దున్నుతున్న కాలానికే ఒహాయో విలియం సమాధి రాయి కనబడింది. నాలుగు తరాలూ చెరిపేశాను.

కారణం మనకు బాగా తెలిసిందే. తాత పేరు మనవడికి పెట్టడం ఇక్కడా ఉంది. అన్నదమ్ములు నలుగురూ తండ్రి పేరే కొడుకులకు పెడితే, ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నలుగురు విలియంలు. దానికి తోడు సీనియర్, జూనియర్ అని రాసి ఉంటుంది. తండ్రీకొడుకులని ఖాయం చేసుకుంటారు. ఆ రోజుల్లో దానికి అర్థం మన పెద వెంకయ్య, చిన వెంకయ్య లాంటిది: ఊళ్ళో వయసులో పెద్దవాడు, చిన్నవాడు. బాబాయీ అబ్బాయీ కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పైగా మన చిన వెంకయ్య చచ్చేదాకా చిన వెంకయ్యే. ఇక్కడ పెద్దాయన పోతే జూనియర్ కాస్తా సీనియర్ అయిపోతాడు. అంటే పదేళ్ళ తేడాతో ఉన్న రెండు దస్తావేజుల్లో "సీనియర్" వేర్వేరు మనుషులు కావచ్చు.

దీనికి మందు ఓపిక. ఆ పేరున్న ప్రతి కాగితాన్నీ ఏడాది వరసలో ఒక పట్టికలో పెట్టండి, మీవాడిది కాదనుకున్నదాన్ని కూడా. తర్వాత మనుషుల్ని పేరుతో కాదు, భూమితో విడదీయండి. ఇక్కడి భూమికి సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అని గుర్తులుంటాయి, మన సర్వే నంబరు లాగా. సెక్షన్ అంటే 640 ఎకరాలు. రెండు పేర్లు కలిసిపోవచ్చు కానీ రెండు పొలాలు కలవవు. కేంద్రం ఇచ్చిన పట్టాలు కేంద్ర ప్రభుత్వ జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్లో ఉచితంగా చూడొచ్చు. అమ్మకపు దస్తావేజులో భార్య పేరుందేమో చూడండి. ఒకడు సంతకం పెట్టి ఇంకొకడు నిశానీ వేస్తే ఇద్దరనే అనుమానించండి, అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

పాత ఊళ్ళో మీవాడిని పట్టుకున్నాక, అతను అక్కడి నుంచి నిజంగా వెళ్ళాడా అన్నది రుజువు చేసుకోవాలి. వలస ఏడాది తర్వాత ఆ ఊళ్ళో పన్ను కడుతూనే ఉన్నాడా, కాటికి వెళ్ళాడా చూడండి. నేను చెయ్యనిది ఇదే, పది నిమిషాల పని. చివరికి నా విలియంను పట్టిచ్చింది పక్కింటివాడు. అయొవా పొలానికి సాక్షి సంతకం పెట్టినవాడు ఒహాయోలో వేరే కౌంటీ మనిషి. అక్కడికి వెళ్తే విలియం వాళ్ళ నాన్న ఆస్తి పంపకం ఫైలు దొరికింది. అప్పట్లో ఇక్కడికి వలస వచ్చినవాళ్ళు ఒంటరిగా రావడం తక్కువ.

మిగతావి

"ఎల్లిస్ ద్వీపంలో పేరు మార్చేశారట." న్యూయార్క్ రేవులో వలసవాళ్ళను తనిఖీ చేసిన ఆ కేంద్రం తెరిచింది 1892లో. మీవాడు 1855లో దిగాడు.

"కోర్టు తగలబడింది." కొన్ని తగలబడ్డాయి, నిజమే. మీ కౌంటీది తగలబడిందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాక చెప్పండి.

1890 లెక్కలు మాత్రం అడక్కండి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం అంటుకున్నప్పుడు చాలావరకు పాడయ్యాయి, మిగిలినవీ దాదాపు అన్నీ తర్వాత ప్రభుత్వమే పారేసింది. అయొవా అయితే 1885 రాష్ట్ర లెక్కలున్నాయి, అవి తీయండి.